కొండది, ఎండది

ఆమె బస్సులో కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. మిగతా అన్నిసార్లూ నిలబడే ఉండేది. సీట్లు ఖాళీగా ఉన్నా సరే, డ్రైవరు వెనకున్న ఇనుప కడ్డీ పట్టుకుని, రెండు పాదాల మధ్య తెల్ల పెయింటు బకెట్ పెట్టుకుని, బస్సు ఎటు ఊగితే అటు ఊగుతూ ఉండేది. "కూసో పెద్దమ్మా, ఆ సీటు నిన్ను కొరుకుతదా?" అని నేను కసురుకుంటే, "కూసుంటె మోకాళ్లు నిద్రపోతయ్ బిడ్డా, మల్ల లేవయి" అనేది. నాకు రాత్రిళ్లు పట్టని నిద్ర ఆమె మోకాళ్లకు పట్టపగలే వస్తుందట!

నేను వనపర్తి డిపోలో కండక్టర్ని. ఒకరోజు కొల్లాపూర్ రూటు, ఇంకోరోజు గద్వాల, మరోరోజు నాగర్‌కర్నూల్. నా నోరు దురుసని పేరు. ఉండదా మరి? ఆడవాళ్లకు బస్సు ఉచితమైన నాటి నుంచి మెట్ల మీద కూడా కాలు పెట్టే సందు లేదు. ఉచితమైనా ప్రతి మనిషికీ సున్నా టికెట్ కొట్టాలి, కార్డు చూడాలి, ఈ రాష్ట్రం మనిషేనా కాదా అని అడ్రసు చూడాలి. ఆ తొక్కిడిలో ఈమె కార్డు చూపే తీరుకు నాకు ఒళ్లు మండేది. పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టి చూపేది. వేలు తియ్యమంటే, "పేరుతోని నీకేం పని? మొకం సూడు, ఎనకకు తిప్పి ఊరు సూడు, టికెట్ కొట్టు" అనేది. పేరు ఎందుకు దాచేదో నాకు ఇప్పటికీ తెలియదు. అంత పట్టుగా దాచుకున్న పేరు నేను బయటపెట్టడం ఏం మర్యాద? అందుకే ఇక్కడా రాయడం లేదు.

మా మొదటి గొడవ బకెట్ గురించే. బకెట్ నిండా మట్టి, మట్టిలో జానెడు మొక్క, చుట్టూ తడి గోనెసంచి. బస్సు అడుగంతా బురద. లగేజీ టికెట్ తీసుకోమన్నాను.

"లగేజి ఎట్లయితది? దీనికి పాణమున్నది."

"మేకకు పాణం లేదా? మేకను ఎక్కిస్తే టికెట్ కొడుతలేమా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అయితే ఇంకా మంచిదాయె. ఇది ఆడదే. ఆడోళ్లకు ఫ్రీ అని మీరే అంటిరి" అంది.

బస్సంతా నవ్వింది. మా డ్రైవరన్నయితే స్టీరింగు మీద వాలిపోయి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, కండక్టరు నవ్వితే ఆ రోజంతా ఎవరూ మాట వినరు కాబట్టి మొహం గంటు పెట్టుకునే వెనక్కి పోయాను.

ఆ మొక్క పేరు ఫ్యూషియా అని నాకు తరువాత తెలిసింది. ఆమె మాత్రం దాన్ని "కొండది" అనేది. నీలగిరి కొండల చెట్టు. చలికాలంలో అది పూసినప్పుడు చూశాను. అంత అందమైన పువ్వు నేను మా వైపు ఎక్కడా చూడలేదు. ఒక్కో ఆకు మొదట్లోంచి దారంలాంటి కాడ దిగుతుంది, కాడ చివర పువ్వు తలకిందులుగా వేలాడుతుంది. పైన నాలుగు ఎర్రటి రేకులు వెనక్కి విచ్చుకుని, లోపల ఊదారంగు గౌను లాంటిది, దాని కింద నుంచి పొడుగ్గా దారాలు. అచ్చం చెవికి పెట్టుకునే జుంకీలు. బస్సు కుదుపులకు అవన్నీ ఊగుతుంటే, ఎక్కిన ఆడవాళ్లంతా టికెట్ మాట మరిచి దాని చుట్టే మూగేవాళ్లు. వాళ్లను జరిపి టికెట్లు కొట్టేసరికి నా గొంతు పోయేది.

ఆమె చెప్పిన కథ ఇది. వయసులో ఉన్నప్పుడు ఆమె, ఆమె చెల్లెలు మేస్త్రి వెంట లేబరు గుంపులో నీలగిరికి పోయారు. ఘాటు రోడ్ల పక్కన రాతిగోడలు కట్టే పని. పని అయిపోయాక ఈమె గుంపుతో తిరిగొచ్చింది. చెల్లెలు అక్కడే తేయాకు తోటలో పనిచేసే మనిషిని చేసుకుని ఉండిపోయింది. ఇప్పుడు ఇద్దరి మొగుళ్లూ లేరు. ఇక్కడ రేకుల ఇంట్లో ఈమె ఒక్కతి, అక్కడ తోట కూలీల లైను ఇంట్లో చెల్లెలు ఒక్కతి. "రాయే చెల్లె, ఇద్దరం ఒక్క పొయ్యి మీద వండుకుందం" అని అక్క పిలిచింది. చెల్లెలు ఏమందో ఈమె నాకు పదిసార్లన్నా చెప్పి ఉంటుంది, ప్రతిసారీ చెల్లెలి గొంతు పెట్టి మరీ.

"నా చెట్టు పంపిస్తున్న అక్కా. నీ ఊర్ల అది ఒక్క ఎండకాలం నిలువని, నేనే మూట కట్టుకోని వస్త. నిలువకుంటె మాత్రం నన్ను పిలువకు."

అప్పటి నుంచి ఏటా దసరా పోయాక, ఆ కొండల నుంచి వచ్చే మనవాళ్లెవరి చేతో చెల్లెలు తడి గుడ్డలో చుట్టి కొమ్మలు పంపేది. ఇవి నాటుకునేవి, చలికి పూసేవి, మా చైత్రం ఎండకు తలలు వాల్చేవి, రోహిణి కార్తెలో మాడిపోయేవి. మళ్లీ దసరా, మళ్లీ తడిగుడ్డ. రావద్దనుకున్న మనిషి ప్రతి ఏడూ కొమ్మలు ఎందుకు పంపుతుందని నేనడిగాను. "దానికి రావాలనే ఉన్నది. అందుకే పంపుతది" అంది ఆమె, ఇంత తెలియదా అన్నట్టు.

ఆ చెట్టును బతికించడానికి ఆమె పడే అవస్థ చూస్తే మనకే కాళ్లు నొప్పి పుట్టేవి. పొద్దున తూర్పు గోడ కింద, ఎండెక్కగానే బండల సందులో, మధ్యాహ్నం నీళ్ల రంజన్ కుండ పక్కన, సాయంత్రం మళ్లీ గుమ్మం ముందు. నీడ ఎటు జరిగితే బకెట్ అటు. అన్నం కూడా పళ్లెం చేత్తో పట్టుకుని తిరుగుతూ తినేదని వాళ్ల ఊరి ఆడవాళ్లు చెప్పారు. చెట్టంటే ఉన్నచోట ఉండాలిగా పెద్దమ్మా అంటే, నా మీదే లేచింది.

"ఉన్నకాడ ఉంటె మా పాలమూరోళ్లు ఎప్పుడో పోయెటోళ్లు. ఎండకాలం రాంగనే మనుషులు బతుకపోతరు. చెట్టు పోతె తప్పా?"

అలా ఆమె చెట్లకు వలస నేర్పింది. వలస అంటే పూర్తిగా వలస కూడా కాదు, పాలుకు ఇవ్వడం. మా వైపు మేకపిల్లను పాలుకు ఇస్తారు. మేక ఒకరిది, మేపు ఇంకొకరిది. ఈనిన పిల్లల్లో చెరిసగం. ఒక్కచోట పెడితే ఒక్క దెబ్బకు పోతుంది, నాలుగుచోట్ల పెడితే ఒకటన్నా నిలుస్తుందని ఆమె లెక్క. కొమ్మలన్నీ వేళ్లు పట్టాక తలా ఒక బకెట్ పాలుకు ఇచ్చింది. ఒకటి గద్వాలలో, గుంట మగ్గం ఉన్న సాలోళ్ల ఇంట్లో. ఆ గది నేల ఎప్పుడూ తడిగా, చల్లగా ఉంటుందట. ఒకటి తెలకపల్లి దగ్గర బోరు మోటారు గదిలో, నీళ్ల తొట్టి పక్కన. ఒకటి కొల్లాపూర్ రోడ్డు మీద మామిడితోట కావలివాళ్ల గుడిసె నీడన. ఒకటి తన ఇంట్లో.

ఇచ్చి ఊరుకుంటుందా? పొద్దున్నే నా బస్సులో గద్వాల. మర్నాడు తెలకపల్లి. ఆ మర్నాడు కొల్లాపూర్. బస్సు ఉచితం కావడం ఆమె కోసమే జరిగిందేమో అనిపించేది. గద్వాల ఇంటి ఆవిడ ఒకసారి నా బస్సెక్కి మొత్తుకుంది. "నా మీద గింత నిగా మా అత్త గూడ పెట్టలె కండక్టరమ్మా. తెల్లారకముందే తలుపు కొట్టి, రాత్రి దానికి చెమట పట్టిందా అని అడుగుతది. చెట్టుకు చెమటేంది?" అంది. మొత్తుకుంటూనే, ఆ రోజు దానికి రెండు పూలొచ్చాయని కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మొహం వేరే ఉంది.

ఇక ఎండది సంగతి. నాగర్‌కర్నూల్‌లో రోడ్డు పక్కన మొక్కలమ్మే ఆయన దగ్గర ఆమె తన కొండదాన్ని చూపించి, ఎండకు నిలవాలంటే ఏం వేయాలని అడిగింది. ఆయన దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది సలిది పెద్దమ్మా, ఈడ ఆగదు. దీని జాతిదే ఇంకోటి ఉన్నది, వేడికి ఓర్చుకుంటది, తీస్కపో" అని ఇంకో మొక్క చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం ఆమె రెండు బకెట్లతో నా బస్సెక్కింది. రెండు చేతులకూ రెండు బకెట్లు, కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి లేదు, అయినా కూర్చోలేదు. నేనే ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజు బస్సులో వాళ్లందరికీ ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించింది. పెళ్లిచూపుల్లో ఇద్దరు పిల్లల్ని నిలబెట్టినట్టుంది ఆ వ్యవహారం.

"కొండదాని ఆకు సూడు, సన్నగ, పచ్చగ, అంచుకు రంపం లెక్క చిన్న పండ్లు. నరం ఎర్రగ ఉంటది. ఈ ఎండదాని ఆకు సూడు, మందం. మీద నూగు. తిప్పి సూడు."

తిప్పి చూశాను. ఆకు అడుగు భాగం నేరేడు పండు పిండినట్టుంది.

"కొండది ఒక్కో ఆకు కాడ ఒక్కో పువ్వు, సిగ్గుపడ్డట్టు కిందికి తల దించుతది. రెండు రంగులు. ఇదేమో కొమ్మ కొసకు గుత్తి. అన్ని ఒక్కటే రంగు, నారింజ. పొడుగు గొట్టం, మూతి సరిగ తెరువది. బూర ఊదుతున్నట్టు. సిగ్గు లేదు."

"రెండూ ఒకటే జాతి అంటున్నడు గద?" అన్నాను.

"జాతి ఒకటే. కొమ్మ గుచ్చితె రెండు మొలుస్తయ్. కాయ గూడ ఒక్కతీర్గనే నల్లగ అయితది. అయితె ఏంది? నా చెల్లె, నేను ఒక్క కడుపుల పుట్టినం. అది నాలెక్క ఉంటదా?"

ఆమెకు ఎండది అంటే చులకన. దాన్ని ఎవరికీ పాలుకు ఇవ్వలేదు. అడిగినవాళ్లకల్లా కొమ్మ విరిచి ఇచ్చేసేది. బస్టాండులో చాయ్ అమ్మే ఆయనకు, మా డ్రైవరన్నకు, నాకు కూడా ఒకటి. "దీనికి పాలెందుకు, కలుపు లెక్క బతుకుతది" అని ఎత్తిపొడుస్తూ ఇచ్చేది. నిజంగానే బతికింది. ఆ ఎండాకాలం కొండది మామూలుగానే పోయింది. ఎండది ఆకులన్నీ రాల్చి పుల్లలా నిలబడి, తొలకరి పడగానే చిగురేసింది. వానలు ముదిరేసరికి మా డిపో గోడ పక్కన కూడా నారింజ గుత్తులు.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. కొల్లాపూర్ బస్టాండులో బస్సు ఆగిన కాసేపట్లో నా దగ్గరికొచ్చి, "నీ ఫోన్ల మనిషి కనపడతది గద? నా చెల్లెకు కలుపు" అంది. బకెట్లో ఎండది, నిండా పూలతో.

"ఇది చూపిస్తవా?" అన్నాను.

"ఏం, ఇది గాదా? జాతి ఒకటే అని ఆ మొక్కలాయనే అనె. ఎండకు నిలిచింది. ఇగ రమ్మంట."

నేను సరే అన్నాను. ఇప్పటికీ నాకు అందులో తప్పు కనిపించదు. ఇద్దరు ముసలాళ్లు చెరో రాష్ట్రంలో చెరో పొయ్యి రాజేసుకోవడం కన్నా, ఒక చెట్టు బదులు ఇంకో చెట్టు చూపడం ఏమంత నేరం?

చెల్లెలి పక్కింటి అమ్మాయి ఫోను ఎత్తింది. తెరమీద స్వెట్టరు వేసుకుని, తలకు మఫ్లరు చుట్టుకున్న ముసలామె. అచ్చం మా పెద్దమ్మ ముక్కే, మా పెద్దమ్మ చుబుకమే. వెనక అంతా మంచు. అక్క బకెట్ ఎత్తి పట్టుకుంది. చెల్లెలు చాలాసేపు చూసింది.

"ఆకు తిప్పు అక్కా" అంది.

అక్క తిప్పలేదు. గాలికి అదే తిరిగింది.

"ఇది ఎవరింటి పిల్ల?" అంది చెల్లెలు.

"మనింటిదే."

"మనింటి పిల్లకు ఆకు కింద గా రంగు ఉండదు. నేనిచ్చింది యాడుంది?"

అక్క బకెట్ కొంచెం కిందికి దించింది. చెల్లెలు కోప్పడలేదు. "దసరా కానీ, మల్ల పంపుత" అని ఫోను పెట్టేసింది. ఈమె బకెట్ కింద పెట్టి, కొంగుతో నా ఫోను తుడిచి నా చేతికిచ్చింది. ఫోనుకు ఏమీ అంటలేదు. ఊరికే తుడిచింది.

ఆ ఏడు దసరా తరువాత వచ్చిన కొమ్మల మీద ఆమె ప్రాణమంతా పెట్టింది. మామిడితోట కావలాయన అందరికంటే బాగా చూసుకుంటున్నాడని సంబరపడేది. ఫాల్గుణం దాటినా అది పచ్చగా ఉందని, ఈసారి తప్పదని, చెల్లెలు వస్తే పడుకోవడానికి నులక మంచం కూడా బిగించానని చెప్పింది. మామిడికాయలు దించే రోజుల్లో ఒక పొద్దున నా బస్సులో తోట దగ్గర దిగింది. నేను కొల్లాపూర్ పోయి తిరిగొచ్చేసరికి రోడ్డు మీద నిలబడి ఉంది. పక్కన కావలాయన. ఆయన చేతిలో ఒక రేకు పళ్లెం, దాంట్లో వరసగా ప్లాస్టిక్ గ్లాసులు, గ్లాసుల్లో ఎండిపోయిన పుల్లలు.

ఏమైందో ఆయనే నాకు చెప్పాడు, జడ్జి ముందు చెప్పుకున్నట్టు.

"పాలుకు ఇచ్చిందమ్మా. పాలుకు తీసుకున్నోడు పిల్లలు చెయ్యకుంటె మాట పడడా? ఇన్ని నెలలు మేపి ఒక్క పిల్లనన్న చెయ్యలె అంటె నా మొకం యాడ పెట్టుకోవాలె? అందుకే కొమ్మలన్ని కోసి గుచ్చిన. తల్లి గూడ సిగురేస్తదనుకున్న. ఒక్కటి లేవలె."

ఆయనను ఏమని తిట్టేది? మంచి రైతు ఎవరైనా చేసే పనే చేశాడు. పాలు మాటకు కట్టుబడ్డాడు. ఆ చెట్టుకు పిల్లలు అక్కర్లేదని, తల్లి ఒక్కతి నిలిస్తే చాలని ఆయనకు ఎవరు చెప్పారు?

"నీ తప్పు గాదు నాయనా. పాలుకు ఇచ్చుడే నాది తప్పు" అని ఆమె బస్సెక్కింది. ఎక్కి, మొదటి సీట్లో కూర్చుంది. ఖాళీ బకెట్ ఒళ్లో పెట్టుకుంది. డ్రైవరన్న అద్దంలోంచి ఆమెను చూసి, నా వైపు చూశాడు. నాకు భయమేసింది. పోయి పక్కన కూర్చున్నాను, కండక్టరు డ్యూటీలో కూర్చోకూడదని తెలిసి కూడా.

"చెట్టే గద పెద్దమ్మా. దసరాకు మల్ల వస్తది" అన్నాను.

అప్పుడు చెప్పింది. పెళ్లయిన కొత్తలో చెల్లెలు ఒకసారి ఈ ఊరికి వచ్చింది, చుట్టాల పెళ్లికి. చంకలో నెలల పిల్ల. కొండల్లో పుట్టిన పిల్ల, ఎండ అంటే తెలియని పిల్ల. వచ్చిన మూడోనాడే వడదెబ్బకు పోయింది. ఈ ఊరి మట్టిలోనే పెట్టారు. చెల్లెలు తిరిగి పోయేటప్పుడు, "నీ ఊరి ఎండకు లేతది ఏదీ నిలువది అక్కా" అని పోయింది. మళ్లీ రాలేదు.

"ఒక్కటి నిలిచిందని సూపెడితె చాలు బిడ్డా. ఒక్కటి" అంది ఆమె.

నాకు ఏడుపు వచ్చింది. టికెట్ మిషను పట్టుకుని బస్సు వెనక్కి పోయి, టికెట్ తీసుకున్నవాళ్లను కూడా టికెట్ టికెట్ అని అరిచాను. పానగల్ దాటినా ఆమె లేవలేదు.

ఆ ఎండకు గద్వాలదీ, తెలకపల్లిదీ, ఆమె ఇంటిదీ పోయాయి. ఆ తరువాతి దసరాకు వచ్చిన కొమ్మను ఆమె ఎవరికీ ఇవ్వలేదు. చలికాలంలో ఒకరోజు ఊరికే బకెట్ పట్టుకుని ఎక్కింది, వనపర్తి దాకా పోయి వస్తానంది. ఎందుకంటే, దీనికి గాలి తిప్పుతున్నానంది. మొక్క నిండా జుంకీలు. ఎన్నడూ ఒక్క పువ్వు తెంపని మనిషి, ఆ రోజు ఒకటి తెంపి, నా చెవికున్న కమ్మకు తగిలించింది. డ్యూటీ దిగేదాకా నేను దాన్ని తీయలేదు. మా డిపోలో అందరూ వేళాకోళం చేశారు, చేసుకోనిమ్మని ఊరుకున్నాను. ఆ పువ్వు ఎండిపోయి ఇప్పటికీ నా టికెట్ల బ్యాగులో ఉంది. ఆమెను చూడటం అదే ఆఖరు.

తరువాత చాలా రోజులు ఆమె ఊరి స్టేజీలో ఎవరూ బకెట్‌తో ఎక్కలేదు. చలి వెనకబడుతున్న రోజుల్లో ఒక పొద్దున తెల్ల బకెట్ మెట్లెక్కడం వెనక నుంచే చూసి, "ఏం పెద్దమ్మా, ఇన్ని రోజులు యాడ పోయినవ్?" అని కేకేశాను. బకెట్ పట్టుకున్న మనిషి తిరిగి చూసింది. అదే ముక్కు, అదే చుబుకం. స్వెట్టరు లేదు. ఆమె నేరుగా పోయి కిటికీ పక్కన కూర్చుంది.

కార్డు అడిగితే చూపింది. వెనక అంతా తమిళ అక్షరాలు.

"ఇది ఈడ నడువదమ్మా. టికెట్ తియ్యాలె."

"మా అక్క ఫ్రీ అన్నది?"

"ఈ రాష్ట్రపోళ్లకే ఫ్రీ." ఆ మాట అన్నాక గానీ అడగడానికి నోరు రాలేదు. "మీ అక్క యాడుంది?"

"పోయింది. నిద్రలనే. నేనొచ్చేసరికి మట్టి చేసిండ్రు."

ఆమె తెలుగు మా పాత ముసలాళ్లు మాట్లాడే తెలుగు, ఎప్పుడో వెళ్లిపోయిన నాటి దగ్గరే ఆగిపోయింది. మధ్యలో తమిళ రాగం. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కోపంగా ఉంది.

"గోడ పక్కన చెట్టు నిండ పూసి ఉండె. సలికాలం పూసుడు ఒక గొప్పనా? ఎండకాలం సూస్త. సూసి పోత" అంది.

నాకు మళ్లీ మనసు కుదురు లేకుండా పోయింది. ఈమె ఆ ఎండాకాలమంతా నా బస్సులో తిరిగింది. అక్క పాలుకు ఇచ్చిన ఇళ్లన్నీ వెతుక్కుంటూ పోయింది, ఎవరేం చేశారో అడిగింది. మామిడితోట కావలాయన ఈమె కాళ్ల మీద పడబోయాడట. అక్క ఎన్నడూ కూర్చోలేదు, ఈమె ఎన్నడూ నిలబడలేదు. సీటు లేకపోతే మెట్ల మీదన్నా కూర్చునేది. ప్రతిసారీ టికెట్ తీసుకునేది, తీసుకుంటూ గొణిగేది. "అక్కకు ఫ్రీ, నాకు పైసలు. ఇదేం ఊరు." నేను టికెట్ చించి ఇస్తూ ఒకే మాట అడిగేదాన్ని.

"చెట్టు?"

"ఉన్నది."

మర్నాడు మళ్లీ. "ఉన్నది." కొన్నాళ్లకు, "వాడింది." ఆ తరువాత, "ఆకు రాల్చింది." ఒకరోజు ఆమె బకెట్ లేకుండా, నీళ్ల సీసా ఒక్కటి పట్టుకుని ఎక్కింది. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. ఆ రోజు నేను అడగలేదు. వనపర్తి బస్టాండులో దిగి, దూరం పోయే బస్సులు ఆగేవైపు చూస్తూ నిలబడింది. ఆమె నిలబడగా చూడటం నాకు అదే మొదలు.

ఇక పోతుందనుకున్నాను. ఇంట్లో మా ఆయనతో కారణం లేకుండా పోట్లాడాను. ఆ స్టేజీ వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తల బయట పెట్టి చూసేదాన్ని. ఎవరూ ఉండేవాళ్లు కాదు. డ్రైవరన్న ఎక్కేవాళ్లు లేకున్నా అక్కడ బస్సు ఆపేవాడు. ఆపి, నేను విజిల్ వేసేదాకా ఊరుకునేవాడు. ఆయనకు కూడా ఆ సంగతి పట్టింది.

వానలు పడ్డాక, మట్టి వాసన ఇంకా పోని ఒక పొద్దున ఆమె చెయ్యెత్తి బస్సు ఆపింది. చేతిలో తెల్ల బకెట్. కిటికీ పక్కన కూర్చుని బకెట్ ఒళ్లో పెట్టుకుంది.

"పోలేదా?" అన్నాను. అది ఎవరి గురించి అడిగానో నాకే తెలియదు.

"పోయింది. రోహిణిల" అంది. బకెట్లో మట్టిని వేలితో నొక్కి, "అది పోయింది. నేను పోలె. ఎట్ల నిలిచిన్నో నాకే తెల్వదు" అంది.

బకెట్లోకి చూశాను. మందమైన ఆకులు, కొమ్మ కొసన పొడుగాటి నారింజ గొట్టాలు. వాన చినుకుకు ఒక ఆకు తిరగబడితే అడుగున నేరేడు రంగు.

"ఇది ఎవరింటి పిల్ల?" అన్నాను. ఆమె నా మొహం వైపు చూసింది. ఆనాటి ఫోను ఎవరిదో ఆమెకు తెలుసు.

"మనింటిదే" అంది. "గద్వాలకు. మగ్గమోళ్లకు పాలుకు ఇస్త."

మిషను తీసి టికెట్ కొట్టబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు ముడి విప్పి కొత్త కార్డు తీసి, వెనక వైపు నా కళ్ల ముందు పెట్టింది. తమిళం లేదు. తెలుగు అక్షరాల్లో వాళ్ల అక్క ఊరు, వాళ్ల అక్క ఇంటి నంబరు.

"ముందట?" అన్నాను.

తిప్పింది. ఫొటో కనిపిస్తోంది, పేరు మీద బొటనవేలు ఉంది. నేను వేలు తియ్యమనలేదు. సున్నా టికెట్ కొట్టి ఆమె చేతికిచ్చాను.